జయమణి వాళ్ళింటి శుక్రవారాలు

ఏవిటీ, మోటారు పాడై పదిరోజులైందా? మేనేజరు ఫోనెత్తట్లేదా? ఎత్తితే మాత్రం ఏవంటాడే, "రేపు పంపిస్తానండీ మనిషిని" అంటాడు, అంతేగా. కూర్చో కమలా, ఆ పీట ఇటు లాక్కో, కాళ్ళు ఎండలో పెట్టకు. నీకు మీ విజయవాడ అపార్టుమెంట్లో ఇప్పుడొచ్చాడు ఆ మేనేజరు, మాకు నందిగామలో కొండలరావని ఒకడుండేవాడు, వాడి ముందు మీవాడు దేవుడనుకో. వరసగా ఆరు వాటాలు, పెంకుటిల్లు, మధ్యలో బావి, వెనక సందు. ఓనరు గారిది మద్రాసు. ఆయన్ని మేం ఎవ్వరం చూళ్ళా. చూసిందల్లా ఈ కొండలరావునే, ఆయన తరఫున పెత్తనమంతా వీడిదే. గొడుగు చంకలో పెట్టుకుని వచ్చేవాడు, అరుగు మీద కూర్చుని కాఫీ తాగేవాడు. బావి గిలక విరిగిందయ్యా అంటే జేబులోంచి బొగ్గుముక్క తీసి గోడ మీద రాసేవాడు, "గిలక" అని. పెంకులు కారుతున్నాయంటే "పెంకులు" అని. "రాసుకున్నానండీ, ఇంక మీరు మర్చిపోండి" అనేవాడు. మేం మర్చిపోయే వాళ్ళం కాదు కానీ వాడు మర్చిపోయేవాడు. ఏడాది తిరిగేసరికి గోడంతా నల్లగా అయిపోయేది. అప్పుడు సున్నం వేయించేవాడు. వేయించి, నవ్వుతూ వచ్చి, "చూశారా, గోడ మీద ఒక్క ఫిర్యాదు లేదు!" అనేవాడు. నవ్వుతావేం, మీ తాతయ్య కోర్టులో గుమాస్తా అయ్యుండి కూడా వాణ్ణి ఏం చెయ్యలేకపోయాడు. కోర్టు గుమాస్తాలకి కోర్టంటే భయం ఎక్కువ.

అదిగో, కొండలరావు అంటే జయమణి గుర్తొస్తుంది నాకు. నువ్వెరగవులే, నువ్వు పుట్టేటప్పటికే పోయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు అది, ఆ జూన్లో సొలొమోను మాస్టారని హైస్కూలుకి లెక్కలు చెప్పడానికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎవరితోనైనా నేల చూసే మాట్లాడేవాడు. ఆయన భార్య జయమణి. చందర్లపాడు పిల్ల. కిరస్తానీ వాళ్ళు. వాళ్ళకి ఊళ్ళో ఇల్లెవరిస్తారు ఆ రోజుల్లో? పెంటయ్య హోటలు పక్క ఇల్లు ఖాళీ ఉందంటే మాస్టారు వెళ్ళి అడిగేవాడు, పేరు చెప్పేదాకా ఖాళీ ఉండేది, పేరు చెప్పాక నిన్ననే ఇచ్చేశామనే వాళ్ళు. అట్లాంటిది మన కొండలరావు అడగ్గానే మూడో వాటా ఇచ్చేశాడు. మా పక్క వాటా. మేవంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. ఇంత మంచితనం వీడికెక్కణ్ణించి వచ్చిందా అని. ఆ వాటాలో వెనకాల ఒక గది ఉండేది, దానికి ఇంత తాళం, లోపలి నించొకటి, వెనక సందులోకొకటి రెండు తలుపులు. జయమణి అడిగిందట, "అయ్యా, ఆ గది కూడా మాదేనా" అని. వీడు చెంపలు వేసుకుని, "అపచారం అమ్మా! అది ఓనరు గారి ఇలవేల్పు గది. వాళ్ళ పెద్దల్లో ఒకావిడ పుణ్యస్త్రీగా పోయి పేరంటాలైంది. ఆవిడ చీరా రవికా పెట్టెలో పెట్టి అందులో ఉంచారు. తలుపు తియ్యకూడదు, మైల తగలకూడదు" అన్నాడట. మేవైతే తలుపు తియ్యి, దీపం పెట్టుకుంటాం అని పీక్కు తినే వాళ్ళం. వాళ్ళయితే అడగరు. అడిగినా ఆ ఇల్లు వదిలితే ఇంకో ఇల్లు దొరకదు కాబట్టి గట్టిగా అడగరు. వాడి మంచితనం అదీ. ఇదంతా తర్వాత తెలిసిందిలే.

ఆ మొదటి రెండు నెలలూ జయమణితో మేం ఎవరం మాట్లాడలా. నిజం చెప్పొద్దూ, బావి దగ్గర ఆవిడ చేద వేస్తుంటే మేం కాస్త దూరంగా జరిగి నిలబడేవాళ్ళం, ఆవిడ వెళ్ళాక గట్టు కడుక్కుని తోడుకునేవాళ్ళం. ఆవిడ చూసేది. చూసి, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయేది. ఆ శ్రావణమాసంలో మా అత్తగారికి తెలిసింది పేరంటాలమ్మ గది సంగతి. మా అత్తగారు ఆదెమ్మ, ఫోటోలో చూశావుగా, ఇంత బొట్టు, ఆవిడ. నాకు పెళ్ళయి నాలుగేళ్ళు, కడుపు పండలా. మొక్కని చెట్టు లేదు, కట్టని ముడుపు లేదు. అట్లాంటి ఆవిడ, పక్క వాటాలో పేరంటాలుందంటే కాలు నిలుస్తుందా? "కిరస్తానీ ఇల్లత్తయ్యా" అన్నా నేను. "ఇల్లు వాళ్ళది కాదు, ఓనరుది. గది అసలే అమ్మవారిది. మనం గది దగ్గరికి పోతున్నాం, వాళ్ళింటికి కాదు" అంది. లాయరుకి కూడా రాదు అట్లాంటి పాయింటు. శుక్రవారం పొద్దున తలంటు పోసి, పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టించి, నన్ను వెంటేసుకుని బయల్దేరింది. జయమణి గుమ్మంలో నిలబడిపోయింది. వీధిలో ఒక మనిషి తన గడప తొక్కడం అదే మొదలు. "రండమ్మా" అంది, ఆ తర్వాత ఏం అనాలో తెలియక మళ్ళీ "రండి" అంది.

ఆ గది తలుపు కింద సందుంది, నాలుగు వేళ్ళు పట్టేంత. గడపకి పసుపు రాయడానికి వంగామా, లోపల్నించి గాలి ఒక్క తోపు తోసింది. నాకు ఒక తుమ్ము, రెండు తుమ్ములు, పది తుమ్ములు. మా అత్తగారికి కళ్ళ నిండా నీళ్ళు. "చూశావుటే, పలికింది తల్లి! ఒళ్ళు ఎట్లా జలదరించిందో!" అంటుంది, మధ్యలో తుమ్ముతుంది. అది మిరపకాయల ఘాటులా ఉందే, మీకు తెలీదా అంటావా? మా ఊళ్ళో వేసవంతా గాల్లో ఉండేదే ఆ ఘాటు, ఎవరి ఇంట్లో చూసినా ఓ మూల బస్తా ఉండేది. రోజూ పీల్చేదాన్ని ఎవరు పట్టించుకుంటారే? పైగా అక్కడ సాంబ్రాణి పొగ, అగరొత్తులు. అమ్మవారు అని ఒకసారి అనుకున్నాక ముక్కు కూడా మనం చెప్పినట్టే వింటుంది. తుమ్ములయ్యాక దగ్గు పట్టుకుంది మా అత్తగారికి. ఊపిరి తిరగట్లా. జయమణి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆవిడ గటగటా తాగేసింది. తాగి, చెంబు కింద పెట్టి, అప్పుడు చూసుకుంది ఎవరి చెంబో. జయమణి మొహం పాలిపోయింది. మా అత్తగారు కాసేపు ఆ చెంబుకేసి చూసింది, ఆ తలుపుకేసి చూసింది, మూతి తుడుచుకుని, "అమ్మవారి గడప దగ్గర నీళ్ళు. తీర్థం" అంది. అంతే. ఆ రోజునుంచీ ఆ వీధిలో ఆడవాళ్ళందరికీ జయమణి చెంబులో నీళ్ళు తీర్థమే.

ఇంక చూడు. శుక్రవారం వచ్చిందంటే ఆరు వాటాల వాళ్ళం, ఎదురు వీధి వాళ్ళూ, అంతా అక్కడే. జయమణి తెల్లారుజామునే లేచి గడప కడిగేది. బొట్టు పెట్టుకోదు, దణ్ణం పెట్టదు, ఆదివారం వాళ్ళ గుడికి వాళ్ళు పోయేవాళ్ళు. కానీ మాకోసం చాప పరిచేది, చెంబు తోమి నీళ్ళు పెట్టేది, విసనకర్రలు నాలుగు పెట్టేది. మేం తుమ్మీ తుమ్మీ, దణ్ణాలు పెట్టుకుని, ఆ చాప మీద చేరేవాళ్ళం. ఒక్క పూట కబుర్లే కబుర్లు. ఆ పిల్ల కుట్టుపని ఎంత బాగా చేసేదనుకున్నావ్! నాకు రవికె చేతికి అంచు వెయ్యడం నేర్పింది తనే. బావి దగ్గర గట్టు కడుక్కోవడం ఎప్పుడు మానేశామో మాకే తెలీదు. మరుసటేడు సంక్రాంతి వెళ్ళాక నేను నెల తప్పా. మా అత్తగారు ఊరంతా చాటింది. మీ బుల్లిబాబు పెదనాన్న అసలు పేరు ఏవనుకున్నావ్? పేరయ్య. ఆ పేరంటాలమ్మ పేరే. బడిలో వేసేటప్పుడు మీ తాతయ్య మార్పించాడు. వాణ్ణడక్కు, కోప్పడతాడు. కడుపుతో ఉన్నప్పుడు నాకు అన్నం సహించకపోతే జయమణి గోంగూర పచ్చడి చేసి మూత పెట్టి గోడ మీంచి అందించేది. పుట్టాక వాడు నా దగ్గరకన్నా ఆవిడ భుజం మీదే ఎక్కువుండేవాడు. ఆవిడకి పిల్లల్లేరు. నాకోసం మొక్కుకున్న గడప ఆవిడింట్లోదే, చూడు మరి.

కానీ ఆ పిల్లకి ఆ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ దగ్గే. మొదట పొడిదగ్గు. రెండో ఏడు వేసవి సెలవులకి చందర్లపాడు వెళ్ళి, నెలా పదిహేను రోజులుండి, నిండుగా తేరుకుని వచ్చింది. వచ్చిన వారానికి మళ్ళీ మొదలు, ఈసారి ఉబ్బసం. ఊపిరి తిప్పుకోలేక అరుగు మీద స్తంభం పట్టుకుని కూర్చునేది, మెడ దగ్గర ఎముకలు లోపలికి పోయేవి చూస్తుంటే. వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు వెనక సందులో బండి ఆగిన చప్పుడు మేవూ విన్నాం. అడిగితే కొండలరావు "అమ్మవారి గదికి సున్నం బస్తాలండీ" అన్నాడు. ఆహా, ఎంత భక్తి అనుకున్నాం. డాక్టరు మాస్టారికి స్పష్టంగా చెప్పాడు, "ఇంట్లో ఏదో ఘాటుంది, ఇల్లు మారండి, లేకపోతే ఈ అమ్మాయి ఇంకో రెండు వానాకాలాలు చూడదు" అని. ఎక్కడికి మారతాడు? పాపం, ఆయన కొండలరావుని పట్టుకుని, "గదికి కిటికీ అయినా తెరిపించండి, గాలి తిరుగుతుంది" అని బతిమాలాడు. నేలకేసి చూస్తూనే. కొండలరావు బొగ్గుముక్క తీశాడు. "కిటికీ" అని రాశాడు. "రాసుకున్నానండీ మాస్టారూ, ఇంక మీరు మర్చిపోండి" అన్నాడు.

ఆ మాఘమాసంలో జరిగింది అసలు సంగతి. చివరి వాటాలో ప్రమీలారాణి అని ఉండేది, కాస్త ఒంటిమీదకి అమ్మవారొచ్చే మనిషి. ఆ శుక్రవారం జనం ఎక్కువ, పొగ ఎక్కువ. గడప దగ్గర వంగింది, లేవలా. తుమ్మింది, ఊగింది, జుట్టు విరబోసుకుంది. "నాకు గాలాడట్లేదు! తలుపు తియ్యండి! నాకు గాలాడట్లేదు!" అని అరుపు. మాకందరికీ ఒళ్ళు గగుర్పొడిచింది. ఇప్పుడనిపిస్తుంది, అది నిజంగా దానికే గాలాడక అందేమోనని. మా అత్తగారు ఊరుకుంటుందా? కొండలరావుని పిలిపించింది. "తల్లి అడుగుతోంది, తియ్యి తలుపు." వాడికి చెమటలు. "తాళంచెవి ఓనరు గారి దగ్గరుందండీ, మద్రాసులో" అన్నాడు. అని, మర్నాడు ఆ తాళం మీద ఇంకో తాళం వేసి పోయాడు. అయితే ఓనరుకే రాద్దాం అంది మా అత్తగారు. మీ తాతయ్య నావల్ల కాదన్నాడు, ఇంక రాయడానికి మాస్టారే కదా దొరికేది! కార్డు తీసుకుని వెళ్ళాం. మాస్టారు కలం తీశాడు. అప్పుడు జయమణి లోపల్నించి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. మా ముందే. ఎప్పుడూ అట్లా చెయ్యలేదు ఆవిడ. "రాయకండి" అంది. ఆయాసంతో మాట తెగిపోతోంది. "ఎందుకండీ ఇప్పుడు, ఉన్నదాన్ని ఉండనివ్వండి, రాయకండి" అంది. కొండలరావుకి కోపమొచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమంటాడని భయం కాబోలు అనుకున్నా నేను. మా అత్తగారు "నీకేం భయం లేదమ్మాయ్, నేనున్నా" అని, ఒక్కొక్క మాటా చెప్పి రాయించింది. "మీ ఇంటి పేరంటాలమ్మ తలుపు తియ్యమని అడుగుతున్నది. మీరు రావలెను."

పన్నెండు రోజులకి ఓనరు గారి తల్లి దిగింది, పుష్పవతమ్మగారని, డెబ్భై ఏళ్ళావిడ, తెల్లచీర, చేతికర్ర. వస్తూనే అరుగు మీద నిలబడి అడిగింది, "ఏ పేరంటాలమ్మా? మా వంశంలో ఎవరూ లేరే. మా ఆడవాళ్ళంతా ముసలాళ్ళయ్యే పోయారు." మేవంతా కొండలరావుకేసి తిరిగాం. కొండలరావుని తాళంచెవి అడిగితే బావిలో పడిందన్నాడు. కమ్మరిని పిలిపించి రెండు తాళాలూ కొట్టించింది. తలుపు తీశారు. ఏవుందనుకున్నావ్, కింద నుంచి వాసాల దాకా మిరపకాయ బస్తాలు! ముప్పై పైనే ఉంటాయి. వాడివే, సొంత వ్యాపారం. ధర వచ్చిందాకా దాచుకోవడానికి ఓనరు గది, పైగా అద్దెకున్న వాళ్ళ కాపలా. ఆ ఘాటుకి వచ్చిన వాళ్ళం వచ్చినట్టు వీధిలోకి పరుగు. కొండలరావు అప్పుడు కూడా చేతులు కట్టుకుని, "అమ్మవారికి నైవేద్యానికనీ..." అన్నాడు చూడు! పుష్పవతమ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ముప్పై బస్తాలు తినే అమ్మవారా! నువ్వే తినరా ఇక్కడ కూర్చుని, నేను చూస్తా" అంది. సాయంత్రానికల్లా బస్తాలు పోయాయి, వాడి పెత్తనమూ పోయింది. గది కడిగించి, సున్నం కొట్టించి, కిటికీ పెట్టించి, "ఇంక ఇది కూడా మీదేనమ్మా" అని జయమణికి అప్పజెప్పి వెళ్ళింది ఆ తల్లి. వారం తిరక్కుండా ఆ పిల్లకి ఆయాసం తగ్గింది. నెలకల్లా మామూలు మనిషైంది. ప్రాణం నిలబడింది, అది మాత్రం నిజం.

మరి శుక్రవారం? అదే చెప్తున్నా. ఊళ్ళో నవ్విపోయారు మమ్మల్ని చూసి. "మిరపకాయలకి పసుపు రాశార్రా" అని సంతలో కూడా అనుకున్నారట. మా అత్తగారు రెండ్రోజులు అన్నం తినలా. మా అందరికీ తల తీసేసినట్టైంది. తప్పు చేసింది కొండలరావు, మోసపోయింది మేం, ప్రాణం మీదకి తెచ్చుకుంది జయమణి, అయినా ఎవరి మీద కోపం రావాలో ఎవరి మీదకి వచ్చిందో చూడు. ఆ శుక్రవారం పొద్దున నేను పెరటి గోడ దగ్గర నిలబడ్డా. అక్కణ్ణించి వాళ్ళ గది కనపడేది. జయమణి తెల్లారుజామునే గడప కడిగింది. చాప పరిచింది. చెంబు తోమి నీళ్ళు పెట్టింది, విసనకర్రలు నాలుగూ పెట్టింది. పెట్టి, కూర్చుంది. కొత్త కిటికీ తెరిచి ఉంది, గాలి చక్కగా వస్తోంది. పిల్లాడు నా చంకలోంచి ఆవిణ్ణి చూసి అటు దూకుతున్నాడు. నేను చెప్పులు వేసుకున్నా. మా అత్తగారు వంటింట్లోంచి, అరవను కూడా అరవలా, మామూలుగా, "ఇవాళ ఏం పనుందే అక్కడ?" అంది. నిజమే, ఏం పనుంది? నేను చెప్పులు విడిచేశా. ఎవరూ వెళ్ళలా. పై శుక్రవారం కూడా చాప పరిచింది. ఆ పై శుక్రవారం పరచలా. వేసవిలో మాస్టారికి జగ్గయ్యపేట బదిలీ అయింది, సామాను బండికెక్కించే రోజు నేను పుట్టింట్లో ఉన్నా. ఉన్నానులే, కావాలనే పది రోజులు ముందెళ్ళా.

ఎనిమిదేళ్ళకి మా చెల్లెలి ఆడపడుచు పెళ్ళికని జగ్గయ్యపేట వెళ్ళి, బస్టాండులో దిగానో లేదో, "రాఘవమ్మగారూ" అని వెనకనించి. వెనక్కి చూడకుండానే తెలిసింది నాకు. టీచరైంది, తెల్ల చీర, చేతిలో పుస్తకాలు, కాస్త ఒళ్ళు చేసింది. "ఎండలో ఏం నిలబడతారు, ఇల్లు ఇక్కడే" అని తీసుకెళ్ళింది. చిన్న ఇల్లు, సొంతం. రెండు గదులు, దేనికీ తాళం లేదు. చాప పరిచింది. నీళ్ళిచ్చింది, అదే చెంబు, సొట్ట కూడా అదే. బుల్లిబాబు ఎంత పొడుగయ్యాడని అడిగింది. నాకేదో ఒకటి మాట్లాడాలి కదా, కొండలరావుని తిట్టడం మొదలెట్టా. "పాపిష్టివాడు, ఎంత మోసం చేశాడో, మనకెవరికీ తెలీనే లేదు" అన్నా. జయమణి నవ్వింది. "నాకు తెలుసుగా" అంది. "మొదటిరోజే తెలుసు. మా అమ్మ చందర్లపాడు చేలల్లో మిరపకాయలు కోసి నన్ను పెంచిందండీ. ఆ చీర కొంగులోనే నిద్రపోయిందాన్ని. తలుపు వెనకాల ఏవుందో నాకు తెలీదా?" "మరి చెప్పలేదేం తల్లీ? ప్రాణం పోయేదే! మాస్టారికైనా చెప్పలేదేం?" అన్నా. ఆవిడ నా చేతిలో చెంబు తీసుకుని, దానికేసి చూస్తూ అంది, నిష్టూరంగా కాదు, ఎట్లా అంటే, పిల్లలకి పాఠం చెప్పినంత నెమ్మదిగా. "చెబితే మీరు వస్తారా అండీ శుక్రవారం?"

...

ఏం లేదే. కంట్లో ఏదో పడింది. లే, ఎండ తిరిగింది, పైన వడియాలు ఎండిపోయుంటాయి, కాకులు తన్నుకుపోతాయి. ఆ పళ్ళెం అందుకో.